రహస్యం దాచే పని ఆర్‌ఎన్‌ఎన్‌కు ఇవ్వవచ్చా?

వ్యాఖ్యాత: రికరెంట్ న్యూరల్ నెట్‌వర్క్ (ఆర్‌ఎన్‌ఎన్)తో ఎన్‌క్రిప్షన్, అంటే సందేశాన్ని ఇతరులకు అర్థం కాకుండా మార్చడం, చేస్తామంటూ ఏటా ఎవరో ఒక విద్యార్థి మీ దగ్గరకు వస్తారటగా?

అతిథి: వస్తారండీ, వాళ్లను తప్పుపట్టను. ఆర్‌ఎన్‌ఎన్ అంటే వరుసగా వచ్చే డేటాను చూసి నేర్చుకునే ప్రోగ్రాం. దాని లోపల ఒక స్థితి, అంటే అప్పటిదాకా చూసినదాని గుర్తు, ఉంటుంది, అడుగడుగునా మారుతూ పోతుంది. సందేశాన్ని బిట్టు బిట్టుగా దాచే స్ట్రీమ్ సైఫర్ చేసేదీ అదే కదా! రహస్య కీతో మొదలై, స్థితిని మార్చుకుంటూ 0, 1 బిట్ల ధార పుట్టిస్తుంది. ఆ ధారను సందేశంతో ఎక్సార్ చేస్తే, అంటే రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0 రాస్తే, సరి. అవతలివారు అదే ధారను పుట్టించి, మళ్లీ ఎక్సార్ చేసి విప్పుకుంటారు.

వ్యాఖ్యాత: మరి చిక్కెక్కడ?

అతిథి: ముందు దశాంశాల దగ్గరే. ఈ నెట్‌వర్కుల లెక్కలు మామూలుగా ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యల్లో, అంటే కొన్ని అంకెలకే కుదించిన దశాంశాల్లో, నడుస్తాయి. వాటిని కూడే వరుస మారితే చివరి అంకె మారిపోవచ్చు. మీ కంప్యూటర్‌లోని జీపీయూ చిప్ ఒక వరుసలో కూడుతుంది, నా ఫోను మరో వరుసలో. ఈ అడుగులో వచ్చిన ఫలితమే తర్వాతి అడుగుకు ముడిసరుకు. బిట్లను బాగా కలగలిపే నెట్‌వర్క్ అయితే ఆ పిసరంత తేడా పెరిగి పెరిగి, కాసేపటికి మన ధారలకు పొంతనే ఉండదు. మీరు పంపిన జీతాల పట్టిక నా దగ్గర చెత్తగా తెరుచుకుంటుంది. శత్రువు రావలసిన అవసరమే లేదు!

వ్యాఖ్యాత: (నవ్వు) పూర్ణాంకాలతో చేస్తే?

అతిథి: ఆ జబ్బు నయమవుతుంది. కానీ అది గట్టిదని తేల్చేదెవరు? 2002లో కాంటర్, కింజెల్ అనే పరిశోధకుల బృందం ఒక పద్ధతి చెప్పింది. రెండు నెట్‌వర్కులు ఒకదాని జవాబులు మరొకటి చూసి నేర్చుకుంటూ ఉమ్మడి కీకి చేరతాయి. అవి రికరెంట్ కావులెండి. అదే ఏడాది క్లిమోవ్, మిత్యాగిన్, షమీర్ అనే గూఢలిపి పరిశోధకులు దాన్ని మూడు దారుల్లో ఛేదించారు. ఆర్‌ఎస్‌ఏ అనే పేరున్న ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరులో ‘ఎస్’ ఈ షమీరే.

వ్యాఖ్యాత: గూగుల్ వాళ్లూ ఏదో చేశారు కదా?

అతిథి: 2016లో, అబాది, ఆండర్సన్. రెండు నెట్‌వర్కులు మాట్లాడుకుంటుంటే మూడోది చాటుగా వింటుంది. దానికి అందకుండా మాట్లాడుకోవడం ఆ రెండూ నేర్చుకున్నాయి. ముచ్చటైన ప్రయోగం. అయితే వినేది మరో నెట్‌వర్క్, షమీర్ కాదు! అసలు పేచీ శిక్షణలోనే ఉందని నా అభిప్రాయం. చిన్న మార్పుకు చిన్న ఫలితం ఉంటేనే నెట్‌వర్క్ సాఫీగా నేర్చుకుంటుంది. కానీ మంచి సైఫర్‌లో ఒక్క బిట్ మారితే ఫలితంలో దాదాపు సగం బిట్లు తారుమారు కావాలి.

వ్యాఖ్యాత: మరి ఆ విద్యార్థులకు ఏమి చెబుతారు?

అతిథి: దాచడానికి ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉంది. 2001లో ప్రమాణమైంది, అప్పటినుంచి ప్రపంచమంతా దాని మీద దాడి చేస్తూనే ఉంది. మీ ఆర్‌ఎన్‌ఎన్‌ను ఛేదించే వైపు కూర్చోబెట్టండి అంటాను. కీ, గూఢసందేశం చేతికిస్తే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన ఎనిగ్మా యంత్రం గూఢలిపిని విప్పడం ఎల్‌ఎస్‌టీఎం అనే ఒక రకం ఆర్‌ఎన్‌ఎన్ నేర్చుకోగలదని 2017లో చూపారు. అక్కడినుంచి మొదలుపెట్టమంటాను.