వారానికో గంట: మెంటర్ వెళ్లిపోయాక పిల్లల్లో ఏం మిగులుతుంది?

[తెర మీద: నలుపు తెలుపు వీధి దృశ్యం. మధ్యలో "1939".]

1939లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ అనే పక్కపక్క ఊళ్లలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. దారి తప్పుతారేమో అని భయం ఉన్న మగపిల్లలు, మామూలు మగపిల్లలు కలిపి 506 మందిని తీసుకున్నారు. ఒకే రకం ఇళ్ల నుంచి, ఒకే వయసులో ఉన్నవాళ్లను ఇద్దరిద్దరిగా జత చేశారు. నాణెం ఎగరేసి, జతలో ఒకరికి సాయం చేశారు, రెండో పిల్లాణ్ని అలాగే వదిలేశారు.

సాయం కూడా ఏదో మొక్కుబడిగా చేసింది కాదు. ఒక కౌన్సెలర్ నెలకు దాదాపు రెండుసార్లు వచ్చి కలిసేవారు. కొందరికి చదువు చెప్పించారు, డాక్టర్లకు చూపించారు, వేసవి క్యాంపులకు పంపారు. ఇదంతా సగటున ఐదేళ్లకు పైగా నడిచింది.

ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లలు ఏమయ్యారో వెతికారు. అప్పటికి వాళ్లు నడివయసు మనుషులు. "ఆ సాయం మీకు పనికొచ్చిందా?" అని అడిగితే, జవాబిచ్చినవాళ్లలో మూడింట రెండొంతుల మంది అవుననే అన్నారు. కొందరైతే తమ కౌన్సెలర్‌ను ఎంతో ప్రేమగా గుర్తుచేసుకున్నారు.

[తెర మీద: రెండు నిలువు గీతలు పక్కపక్కన పెరుగుతాయి. ఒకటి "సాయం అందింది", ఇంకొకటి "అందలేదు".]

రికార్డులు మాత్రం ఇంకోలా చెప్పాయి. తాగుడు, మానసిక జబ్బులు, చిన్న వయసులో చావులు, మళ్లీ మళ్లీ నేరాలు... ఇలా చాలా లెక్కల్లో సాయం అందుకున్నవాళ్లే కాస్త వెనకబడి ఉన్నారు. ముందున్నది ఒక్కదాంట్లోనూ లేదు. 1978లో ఈ ఫలితాలు అచ్చయినప్పుడు ఆ రంగంలో పెద్ద దుమారమే రేగింది.

మెంటరింగ్ (అంటే ఒక పెద్ద మనిషి ఒక పిల్లాణ్ని తరచూ కలుస్తూ తోడుగా ఉండడం) వల్ల మేలు జరుగుతుందని చెప్పే వీడియోని ఈ కథతో ఎందుకు మొదలుపెట్టాడు వీడు, అనుకుంటున్నారా? కారణం ఉంది. వాలంటీర్‌గా వెళ్లేవాళ్లలో చాలామంది "మంచి మనసుతో వెళ్తున్నాం, మంచే జరుగుతుంది, జరక్కపోయినా పోయేదేం లేదు" అనుకుంటారు. ఈ ఆఖరి మాట నిజం కాదు. పిల్లల జీవితంలోకి ఒక పెద్ద మనిషి వచ్చి వెళ్లడం చిన్న విషయం కాదు. మేలు జరిగితే ఏళ్ల తరబడి ఉంటుంది, కీడు జరిగినా అంతే.

ఆ ప్రయోగంలో పనిచేసినవాళ్లు మనం ఇవాళ అనుకునే వాలంటీర్లు కారు, చాలావరకు జీతం మీద పనిచేసినవాళ్లే. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చి కొందరు కౌన్సెలర్లు వెళ్లిపోయారు, పిల్లలు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారారు. తర్వాత 1999లో ఆ వివరాలనే మళ్లీ తవ్వితే ఇంకో విషయం బయటపడింది. నష్టం ఎక్కువగా కనిపించింది వేసవి క్యాంపులకు ఒకటికి రెండుసార్లు వెళ్లిన పిల్లల్లో. తుంటరి పిల్లలందరినీ ఒకచోట చేర్చితే ఒకరి దగ్గర ఒకరు ఏం నేర్చుకుంటారో వేరే చెప్పాలా!

[తెర మీద: "1995". ఎనిమిది చుక్కలతో అమెరికా పటం.]

ఇప్పుడు ఇంకో కొసకి వెళ్దాం. బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అని అమెరికాలో ఒక పాత సంస్థ ఉంది. దాని మూలాలు 1904 దాకా వెళ్తాయి. న్యూయార్క్‌లో పిల్లల కోర్టులో క్లర్క్‌గా పనిచేసిన ఎర్నెస్ట్ కూల్టర్, రోజూ కోర్టుకొచ్చే పిల్లల్ని చూసి, ఒక్కో పిల్లాడికి ఒక్కో పెద్దవాడు స్నేహితుడిగా ఉండాలని కొందరిని అడిగాడు. నలభై మంది సరే అన్నారు.

ఆ సంస్థ పనిని 1995లో గట్టిగా పరీక్షించారు. ఎనిమిది చోట్ల, 10 నుంచి 16 ఏళ్ల పిల్లలు 959 మంది. సగం మందికి వెంటనే మెంటర్‌ని ఇచ్చారు, మిగతా సగం వెయిటింగ్ లిస్టులో ఉన్నారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే, మెంటర్ ఉన్నవాళ్లలో కొత్తగా డ్రగ్స్ మొదలుపెట్టినవాళ్లు 46 శాతం తక్కువ, మద్యం మొదలుపెట్టినవాళ్లు 27 శాతం తక్కువ. బడి ఎగ్గొట్టడం కూడా దాదాపు సగానికి పడిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే ఈ 46 శాతాన్ని పోస్టర్ల మీద తెగ వాడేస్తారు. మెంటర్ లేని గుంపులో డ్రగ్స్ మొదలుపెట్టింది నూటికి సుమారు 11 మంది. ఉన్న గుంపులో సుమారు ఆరుగురు. తేడా నూటికి ఐదుగురు. నా దృష్టిలో ఆ ఐదుగురు చిన్న సంఖ్య కాదు. కానీ పోస్టర్ చూసి "సగం మంది పిల్లలు బాగుపడ్డారు" అని అర్థం చేసుకుంటే మాత్రం తప్పు.

మొత్తం మీద ప్రభావం ఎంత? 2019లో 70 అధ్యయనాలను కలిపి లెక్కేశారు. సగటు ప్రభావం 0.21 అని తేలింది. ఈ అంకె ఇలా చెబితే ఎవరికీ ఎక్కదు కాబట్టి ఇంకోలా చూద్దాం.

[తెర మీద: వందమంది పిల్లల వరుస. మధ్యలో ఒక బొమ్మ వెలుగుతుంది, మెల్లగా ముందుకు జరుగుతుంది.]

వందమంది పిల్లల్ని వెనక నుంచి ముందుకి వరుసగా నిలబెట్టామనుకోండి. సరిగ్గా మధ్యలో, యాభయ్యో చోట ఉన్న పిల్లాడు మెంటర్ దొరికాక దాదాపు 58వ చోటికి జరుగుతాడు. అంతే. జీవితం మొత్తం తారుమారైపోదు. అలాగని కొట్టిపారేసేదీ కాదు, ముఖ్యంగా ఇది వారానికి ఒకటి రెండు గంటలు, జీతం లేని మనుషులు చేసే పని అని గుర్తుపెట్టుకుంటే.

అయితే సగటు అన్నది అసలు విషయాన్ని దాచేస్తుంది. అదే 1995 నాటి వివరాలను జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు ఇద్దరూ కలిసి ఇంకో ప్రశ్నతో తిరగేశారు: ఏ జత ఎంతకాలం నడిచింది? 2002లో వచ్చిన జవాబు ఇది. ఏడాదికి పైగా కలుస్తూ ఉన్న పిల్లలకే ఎక్కువ లాభాలు కనిపించాయి. నడిచిన కాలం తగ్గేకొద్దీ లాభమూ తగ్గింది. మొదటి మూడు నెలల్లోనే తెగిపోయిన జతల్లో పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం, చదవగలమన్న ధైర్యం పడిపోయాయి. అసలు మెంటరే దొరకని పిల్లల కంటే కిందికి.

[తెర ఖాళీ. మాట మాత్రమే.]

దీన్ని పిల్లల వైపు నుంచి చూడండి. ఇంట్లోంచి ఎవరో ఒకరు అప్పటికే వెళ్లిపోయి ఉండొచ్చు. ఇప్పుడు కొత్తగా ఇంకొకరొచ్చి, నాలుగు సార్లు నవ్వుతూ మాట్లాడి, ఐదోసారి రాలేదు. ఆయనకు ఆఫీసులో పని పెరిగి ఉంటుంది. కానీ పదమూడేళ్ల పిల్లాడు అలా అనుకోడు. "నాలోనే ఏదో లోపం ఉంది" అనుకుంటాడు.

సరే, జతలు ఎందుకు తెగిపోతాయి? బిజీ అన్నది ఒక కారణమే. 1995లోనే 82 జతలను దగ్గరగా గమనించిన ఇంకో అధ్యయనం ఉంది. అందులో మెంటర్లు రెండు రకాలుగా కనిపించారు. ఒక రకం, వీణ్ని ఎలాగైనా బాగుచేయాలని కంకణం కట్టుకుని వచ్చినవాళ్లు. మార్కులు పెంచాలి, మర్యాద నేర్పాలి, లక్ష్యం పెట్టాలి. రెండో రకం, ముందు పిల్లాడికేం ఇష్టమో చూసి, ఏం చేయాలో వాడినే అడిగి, నమ్మకం కుదిరేదాకా ఆగినవాళ్లు. ఎక్కువకాలం నిలిచినవి రెండో రకం జతలు. మొదటి రకంలో ఇద్దరికీ విసుగే మిగిలింది. తమాషా ఏంటంటే, నమ్మకం కుదిరాక రెండో రకం మెంటర్లు కూడా చదువు సంగతి ఎత్తారు. పిల్లలు అప్పుడు విన్నారు.

ఇది చేతల్లో ఎలా ఉంటుందో ఊహించి చెబుతా.

[తెర మీద: టేబుల్ మీద లెక్కల పరీక్ష పేపర్. మార్కులున్న మూల లోపలికి మడిచి ఉంది.]

తొమ్మిదో తరగతి అబ్బాయి. వరుసగా కొన్ని వారాలు "ఆ", "బానే ఉంది", "తెలీదన్నా" తప్ప ఏం మాట్లాడలేదు. ఒకరోజు తనంతట తానే పరీక్ష పేపర్ తీసి పెట్టాడు, మార్కులు కనపడకుండా మూల మడిచి. మెంటర్ ఆ మడత విప్పలేదు. పేపర్ మాత్రం చూశాడు.

[పేపర్ దగ్గరగా: 3x + 7 = 25. దాని కింద 3x = 18. దాని మీద అడ్డంగా కొట్టివేత.]

"ఇదెందుకు కొట్టేశావ్?"

"తప్పేమో అనిపించిందన్నా."

"ఇక్కడిదాకా కరెక్టేరా. ఇంకొక్క లైను రాస్తే అయిపోయేది."

కింద లెక్కలోనూ అదే తంతు. మొదటి రెండు స్టెప్పులు సరిగ్గా చేసి, కొట్టేసి, వదిలేశాడు. ఆ కింద కూడా అంతే. లెక్కలు రాక కాదు. సగం దాకా వచ్చి, తన మీద తనకే అనుమానం వచ్చి ఆపేస్తున్నాడు. నలభై మంది ఉన్న క్లాసులో టీచర్‌కి ఇది కనిపించే వీలు తక్కువ. పక్కన కూర్చుని, మార్కుల జోలికి పోకుండా పేపర్ చూసిన మనిషికి కనిపిస్తుంది. ఆ తర్వాత వాళ్లు పెట్టుకున్న రూలు ఒక్కటే: కొట్టివేతలు లేవు, తప్పో ఒప్పో చివరి లైను దాకా రాయాల్సిందే.

ఇలాంటి చోట ఏం జరుగుతుందో జీన్ రోడ్స్ మూడు దారులుగా చెబుతారు. పెద్దవాళ్లను నమ్మడం ఒకటి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆలోచన పదునెక్కడం ఇంకొకటి. మూడోది, "నేనేం కాగలను" అన్న ఊహ మారడం. నన్నడిగితే ఎక్కువకాలం మిగిలేది ఈ మూడోదే. అలా అనడానికి జర్మనీలో జరిగిన ఒక పరిశీలన కొంత బలమిస్తుంది.

[తెర మీద: యూనివర్సిటీ విద్యార్థి, బడి పిల్లాడు బెంచీ మీద. "జర్మనీ".]

రాక్ యువర్ లైఫ్ అనే కార్యక్రమంలో యూనివర్సిటీ విద్యార్థులు, స్కూలు చదువు చివరికొచ్చిన పిల్లలకు ఒకరికొకరుగా మెంటర్లు అవుతారు. లాటరీ పద్ధతిలో కొందరికి మెంటర్‌ని ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూశారు. ఏడాది తర్వాత, కష్టాల్లో ఉన్న కుటుంబాల పిల్లలకు లెక్కల మార్కులు, ఓపిక, ఉద్యోగం గురించిన ఆలోచన, ఇవన్నీ కలిపి చూస్తే గట్టి లాభమే వచ్చింది. మూడేళ్ల తర్వాత కూడా మార్కులు, ఉద్యోగం మీద దృష్టి నిలిచాయి. బడి నుంచి పనిలోకి అడుగుపెట్టడం కూడా వాళ్లకు మెరుగ్గా సాగింది. ఓపిక విషయంలో వచ్చిన లాభం మాత్రం నిలవలేదు. ఈ మార్పులో కొంత భాగం ఎలా వచ్చిందని చూస్తే, పిల్లలు తమ భవిష్యత్తు గురించి మాట్లాడుకోదగ్గ మనిషిగా మెంటర్‌ని చూడటం వల్లే అని తేలింది.

ఇంట్లో అన్నీ సమకూరిన పిల్లలకు ఈ కార్యక్రమం వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతి అనిపిస్తుంది. అప్లికేషన్ ఎలా నింపాలి, ఏ కోర్సుకి ఏ ఉద్యోగం వస్తుంది, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు... కొన్ని ఇళ్లలో ఇవి అన్నం తింటూ మాట్లాడుకునే మాటలు. కొన్ని ఇళ్లలో ఇవి తెలిసినవాళ్లే ఉండరు. మెంటర్ నింపేది ఆ ఖాళీని. ఖాళీ లేనిచోట నింపడానికేముంటుంది?

ఇంకో వైపు, అమెరికాలోనే బడిలో నడిచే మెంటరింగ్ మీద 2007లో పెద్ద అధ్యయనం వచ్చింది, 1,139 మంది పిల్లలతో. విద్యా సంవత్సరం చివరికి చదువు కాస్త మెరుగైంది. కానీ వేసవి సెలవుల్లో కలవడం ఆగిపోయింది, చాలా జతలు మరుసటి ఏడాదికి కొనసాగలేదు. ఆ మెరుగుదలలో చాలావరకు కరిగిపోయింది.

[తెర మీద: మెంటర్, పిల్లాడు నడుస్తూ. కింద అక్షరాలు: "వెళ్లాల్సి వస్తే?"]

అందుకని మీరెవరైనా మెంటర్‌గా వెళ్దామనుకుంటే, చేరేముందు సంస్థని కొన్ని అడగండి. కనీసం ఎంతకాలం ఉండాలంటున్నారు? జత చేసేటప్పుడు ఇద్దరి ఇష్టాలూ చూస్తున్నారా, లేక ఖాళీగా ఉన్నవాళ్లకు ఖాళీగా ఉన్నవాళ్లను అంటగడుతున్నారా? మొదటి నెలలో ఎవరైనా ఫోన్ చేసి ఎలా నడుస్తోందో కనుక్కుంటారా? నా మీద పోలీసు వెరిఫికేషన్ చేయిస్తారా? ఈ చివరి ప్రశ్నకి సంస్థ తడబడితే అక్కడ చేరకండి. అది మీ మీద అనుమానం కాదు, పిల్లల రక్షణ.

ఏడాది ఉండలేమని ముందే తెలిస్తే ఒకరికొకరు మెంటరింగ్ ఒప్పుకోకపోవడమే మంచిది. ఒక్కరోజు కెరీర్ టాక్, పుస్తకాలు సర్దడం, అప్లికేషన్లు దిద్దడం లాంటి పనులకూ మనుషులు కావాలి. వాటిలో ఎవరూ ఎవరి కోసమూ ఎదురుచూస్తూ కూర్చోరు.

మధ్యలో వెళ్లక తప్పకపోతే, ఆఖరి రోజున చెప్పొద్దు. నెల ముందే చెప్పండి, కారణం కూడా చెప్పండి. "నీ వల్ల కాదు, నాకు వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది" అన్న ఒక్క మాట పిల్లాడి చెవిన పడాలి. మిగిలిన వారాల్లో, వాడి చుట్టూ ఇప్పటికే ఉన్న పెద్దవాళ్లలో ఒకరిని వాడే ఎంచుకునేలా చూడండి. లెక్కల టీచర్ కావచ్చు, బాబాయి కావచ్చు, ఆటలు నేర్పే కోచ్ కావచ్చు. వాళ్లని సాయం ఎలా అడగాలో ఇద్దరూ కలిసి ప్రాక్టీస్ చేయండి, ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి, కాదంటే ఏం చేయాలి. వెళ్లాక ఫోన్ చేస్తానని మాటిచ్చేముందు, ఎప్పుడెప్పుడు చేయగలరో చూసుకుని ఆ తేదీలే చెప్పండి.