ఎపిసోడ్ 41: కలకత్తా పెద్దగుడి, మన డోర్నకల్

తమ్ముడు: ఆఁ, రికార్డ్ అవుతోంది. అందరికీ నమస్తే. పోయినసారి మాటిచ్చినట్టే ఇవాళ కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి. నేను ఆఫీసుకి రోజూ ఆ రోడ్డు మీదే వెళ్తా కాబట్టి...

అక్క: ముందు ఆ ఫ్యాన్ ఆపరా.

తమ్ముడు: ఆపా. మామిడికాయల ఎపిసోడ్ లాగా అవ్వదులే. సరే, 1839లో పునాది రాయి, 1847లో ప్రతిష్ఠ. బిషప్ డేనియల్ విల్సన్ కట్టించాడు, ప్లాన్ గీసింది విలియం ఫోర్బ్స్ అని మిలిటరీ ఇంజనీరు. అంతకుముందు సెయింట్ జాన్స్ చర్చే కెథెడ్రల్, ఊరు పెరిగేసరికి అది సరిపోలేదు. 247 అడుగుల పొడవు, 81 అడుగుల వెడల్పు, లోపలికెళ్తే ఆ పెద్ద హాల్లో మధ్యలో స్తంభాలే ఉండవు, ఎక్కడ కూర్చున్నా ఆల్టర్, అదే బలిపీఠం, కనిపిస్తుంది.

అక్క: గోపురం పడిపోయిందన్నావు కదా?

తమ్ముడు: రెండుసార్లు దెబ్బ తింది. మొదటిది ఇంగ్లండ్‌లో నార్విచ్ కెథెడ్రల్ శిఖరం చూసి కట్టారు. 1897 భూకంపంలో దెబ్బతింటే మళ్లీ కట్టారు, 1934 భూకంపంలో మళ్లీ కూలింది. అప్పుడు సూది శిఖరం వద్దని ఇంగ్లండ్‌లోనే కాంటర్‌బరీ కెథెడ్రల్‌కున్న బెల్ హ్యారీ టవర్ లాగా చదరంగా కట్టారు. పడమటి వైపు బర్న్ జోన్స్ అని ఇంగ్లీషు చిత్రకారుడు డిజైన్ చేసిన రంగుల అద్దాల కిటికీ ఉంది, సాయంత్రం ఎండ దాని మీద పడ్డప్పుడు ఒక్కసారి చూడాలి నువ్వు.

అక్క: చూస్తా. కానీ ఆ గుడిలో నాకు ముఖ్యమైన రోజు ఒక్కటే రా. 1912 డిసెంబర్ 29.

తమ్ముడు: వచ్చేసింది అజరయ్య గారి దగ్గరికి.

అక్క: రాకుండా ఎలా? ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అభిషేకం అక్కడే జరిగింది, మన డోర్నకల్‌ బిషప్‌గా. వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తిరునల్వేలి తమిళాయన, 38 ఏళ్లు. గుడి కట్టిన 65 ఏళ్లకి గానీ ఒక మనవాడు బిషప్‌గా ఆ ఆల్టర్ ముందు మోకరించలేదు, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

తమ్ముడు: అసలు డోర్నకల్‌కే ఎందుకొచ్చాడంటావ్? జంక్షన్ కాబట్టి. ఇల్లందు బొగ్గు...

అక్క: మళ్లీ బొగ్గు లైనా!

తమ్ముడు: నిజం అక్కా, బొగ్గు లైన్ లేకపోతే డోర్నకల్ పేరు ఎవరికి తెలిసేది?

అక్క: ఆయన 1909లోనే వచ్చాడు, బిషప్ అయ్యాక కాదు. తిరునల్వేలి వాళ్లు 1903లో సొంతంగా మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు, మన డబ్బుతో మన మనుషులే వెళ్లాలని. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో ఆయనా ఒకడు. మద్రాసులో వైఎంసీఏలో మంచి ఉద్యోగం, అది వదిలేసి నైజాం రాజ్యంలో భాష రాని ఊరికొచ్చి తెలుగు నేర్చుకున్నాడు. ఎడ్లబండి మీద, సైకిల్ మీద ఊళ్లు తిరిగాడు. వచ్చిందెవరి దగ్గరికి? మాల మాదిగ పల్లెలకి.

తమ్ముడు: ఒప్పుకుంటా. కానీ అభిషేకం చేసింది కలకత్తాలోనే కదా, ఆ గొప్ప ఆ గుడికీ కొంత ఇవ్వాలి.

అక్క: ఇస్తా, కానీ ఊరికే జరగలేదది. చాలామంది తెల్లవాళ్లు వద్దన్నారు, మేం ఇండియన్ కింద పనిచెయ్యాలా అని. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ పట్టుబట్టి నిలబడ్డాడు. అంతకు రెండేళ్ల ముందే, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల సభలో అజరయ్య గారు ఆ తెల్ల మిషనరీల మొహం మీదే అన్నాడు, మీ ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్నివ్వండి అని. సభలో కొంతమందికి కోపం కూడా వచ్చింది.

తమ్ముడు: ఆ మాట ఎన్నిసార్లు విన్నా... అవును.

అక్క: ఇప్పుడు నీ టవర్ సంగతికొస్తా. పడిపోయిన ప్రతిసారీ ఇంగ్లండ్‌ వైపే చూశారు. ఈయన డోర్నకల్‌లో ఎపిఫనీ కెథెడ్రల్ కట్టించినప్పుడు పైన మసీదు గుమ్మటాలు, లోపల గుడి మండపం లాంటి స్తంభాలు. డబ్బులు చాలక ఏళ్ల తరబడి సాగింది, 1939 జనవరి 6న ప్రతిష్ఠ. పల్లె నుంచి వచ్చిన మనిషికి ఇది మనది అనిపించాలి, అంతే.

తమ్ముడు: అలా అనకక్కా. క్రిస్మస్ ముందు రాత్రి ఇక్కడికి రా, ఏ మతం అనేది లేదు, ఊరు ఊరంతా ఆ గుడి ముందు ఉంటుంది. కిందటేడు నేను బయట గడ్డిలో నిలబడి పాటలు విన్నా. వీళ్లకి కూడా ఇది మనదే అనిపిస్తుంది. ఎవరి నమూనా అయితేనేం?

అక్క: ...సరే. అది నేను ఆలోచించలేదు.

తమ్ముడు: 1970లో ఈ గుడి, వేర్వేరు చర్చి సంఘాలు ఒకటై ఏర్పడ్డ చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాలో కలిసింది కూడా. మనవాళ్లు ఇంకా ముందు, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అదే సీఎస్ఐ, 1947 సెప్టెంబర్ 27.

అక్క: మద్రాసు సెయింట్ జార్జెస్‌లో. ఆ ఐక్యత కోసం పాతికేళ్లు తిరిగాడు రా ఆయన. 1945 జనవరి 1న పోయాడు, డోర్నకల్‌లోనే. ఇంకో మూడేళ్లు ఉండుంటే చూసేవాడు.

తమ్ముడు: నానమ్మ ఆయన్ని చూసిందంటావా?

అక్క: చూసింది. చిన్నపిల్ల అప్పుడు. బిషప్పుగారు తల మీద చెయ్యి పెట్టాడని చెప్పేది, చెప్పినప్పుడల్లా కొంగు సర్దుకునేది.

తమ్ముడు: మనం రైల్లో వెళ్తుంటే డోర్నకల్ రాగానే లేపేది గుర్తుందా? భద్రాచలం రోడ్ బండి పక్క ప్లాట్‌ఫాం మీద...

అక్క: నువ్వు బండి చూసేవాడివి, నేను ఆవిడ మొహం చూసేదాన్ని. కళ్లు మూసుకుని ఏదో అనుకునేది. ఏంటో ఎప్పుడూ అడగలేదు.

తమ్ముడు: అమ్మకి తెలిసుంటుందేమో.

అక్క: అమ్మే ఫోన్ చేస్తోంది రా ఇప్పుడు, ఆగు. ఆపెయ్, ఎత్తాలి.

తమ్ముడు: అడుగు అక్కా, మర్చిపోకుండా అడుగు...