ఎరువుల కొట్టు గుమస్తా, ఆర్ట్ కలెక్షన్

[షాట్: చీకటి గది. ట్యూబ్‌లైటు ముందు తోలుబొమ్మ]

లైటు ఆపితే ఇదొక ముడతలు పడ్డ మేకతోలు, అంతే. ఇప్పుడు వేస్తున్నా, చూడండి... ఒంటినిండా పొడిచిన సన్నటి చిల్లుల్లోంచి హనుమంతుడి నగలు ఎలా మెరుస్తున్నాయో! కావలి అవతల ఒక పల్లెలో, ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే తోలుబొమ్మలాట కుటుంబం దగ్గర దీన్ని రెండు వాయిదాల్లో కొన్నా. నేను చేసేది నెల్లూరులో ఎరువుల కొట్టులో లెక్కలు రాసే పని. నన్ను ఆర్ట్ కలెక్టర్ అంటే ముందు నవ్వేది మా ఆవిడే.

న్యూయార్క్‌లో హెర్బర్ట్ వోగెల్ అని ఒకాయన ఉండేవాడు, పోస్టాఫీసులో గుమస్తా. భార్య డొరొతీ లైబ్రేరియన్. 1962లో పెళ్లయింది. ఆమె జీతంతో ఇల్లు గడిపారు, ఆయన జీతం బొమ్మలకి పెట్టారు. పేరుమోసిన వాళ్లవి కొనే స్తోమత లేదు కాబట్టి, అప్పటికి ఎవరూ పట్టించుకోని ఆర్టిస్టుల స్టూడియోలకే వెళ్లి, చిన్న చిన్న డ్రాయింగులు, అదీ వాయిదాల మీద కొనేవాళ్లు. కొన్నది టాక్సీలో పట్టాలి, తమ ఒక్క బెడ్‌రూమ్ ఇంట్లో పట్టాలి, అదొక్కటే లెక్క. ఆర్టిస్టులైన క్రిస్టో దంపతులు ఊరెళ్తే వాళ్ల పిల్లిని చూసుకుని, కూలి కింద ఒక బొమ్మ తెచ్చుకున్నారు కూడా! అలా చేరినవి నాలుగు వేలు దాటాయి. వాటిని అమ్ముకోకుండా వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీకి ఇస్తే, ఆ ఇంట్లోంచి తరలించడానికి ఐదు పెద్ద లారీలు పట్టాయి.

మనకి స్టూడియోలు లేకపోతేనేం, వెతికితే చాలా ఉన్నాయి. ముందు మీ నాయనమ్మ పూజగదిలో లక్ష్మీదేవి పటాన్ని భూతద్దంతో చూడండి. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నాటి రాతి అచ్చులో చుక్కలు చెదిరినట్టుంటాయి, ఈ కాలపు ఆఫ్‌సెట్ అచ్చులో అయితే వరసగా, గళ్లలో పోసినట్టుంటాయి. రేటు సంగతి తర్వాత, ముందు ఆ తేడా కనిపెట్టే సరదా వేరు.

నా మొదటి తోలుబొమ్మ మాత్రం పాడైపోయింది. ఒక ఫ్రేముల షాపులో ఇస్తే ప్లైవుడ్ మీద జిగురు పూసి అతికించి ఇచ్చారు. వెనకనుంచి వెలుగు పడాల్సిన బొమ్మండీ అది! ఊడదీయబోతే చెయ్యి చిరిగింది. రావణుడు కాబట్టి ఇంకా పంతొమ్మిది చేతులున్నాయని మా వాడు ఓదార్చాడు.

అప్పటినుంచి నేను చేసే పని ఒకటే, కొన్న రోజే నోట్‌బుక్కులో రాస్తా. ఎవరు చేశారు, ఎప్పుడు, ఎంతకిచ్చారు, ఇస్తూ ఏం చెప్పారు. సంతకం లేని బొమ్మకి ఆ కాగితమే ఊరూ పేరూ, లేకపోతే మీ తర్వాత ఇంట్లోవాళ్లు పాత సామానుతో పాటు తూకానికి వేసేస్తారు. ఈ హనుమంతుడి పేజీ చదువుతా వినండి: "మేకతోలు, మూడడుగులు. తోక కొత్తది. పాతది ఎలుక కొరికిందట, అయినా అదే బాగుండేదని పెద్దాయన రెండుసార్లు అన్నాడు."