ఫొటో కింద రాసింది తర్వాత చదవండి

అందరికీ నమస్కారం.

నిన్న టీ కొట్టు దగ్గర ఒకాయన అడిగాడు: "సారూ, విమానం ఎక్కాలంటే బెంగళూరు పోవాల్సిన ఊరు మనది. అనంతపురంలో పాత విమానాల మీద ఉపన్యాసమేంది?"

ఇంటికి పోయి పిల్లల అట్లాసు తియ్యమన్నాను. బళ్ళారి మీద ఒక చుక్క, మద్రాసు మీద ఒక చుక్క పెట్టి స్కేలుతో కలిపితే గీత దాదాపు మన ఊరి మీదుగానే పోతుంది. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా పుస్ మాత్ అనే చిన్న విమానంలో కరాచీ నుంచి టపా తీసుకుని బయల్దేరాడు. అహ్మదాబాదులో ఆగినప్పుడు పెట్రోలు డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చాయి. బొంబాయి నుంచి ఆ టపాను టాటాతో కలిసి పనిచేసిన పైలట్ నెవిల్ వింట్‌సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. మన జిల్లా 1882 దాకా బళ్ళారిలో భాగమే కదా, అందుకని టాటా వారి తొలి టపా సర్వీసుతో మనకూ కాస్త చుట్టరికం ఉందని నేను అందరి దగ్గరా బడాయి పోతుంటాను. స్కేలు గీతను సాక్ష్యం అనరనుకోండి.

ఆ విమానం ఫొటో కోసం వెతుకుతుంటే ఒక మిత్రుడు ఉత్సాహంగా పంపాడు. కింద 1932 అని ఉంది. చూస్తే టాటా జుట్టు నెరిసి ఉంది! 1932లో ఆయనకు 28 ఏళ్ళు. అది 1982 నాటి ఫొటో. యాభై ఏళ్ళు నిండిన సందర్భంగా, 78 ఏళ్ళ వయసులో, ఆయన మళ్ళీ కరాచీ నుంచి బొంబాయికి విమానం నడిపారు. అప్పుడు నడిపింది లెపర్డ్ మాత్. పుస్ మాత్‌కు చెల్లెలి వరస.

మనిషి ఫొటోలో లేకపోతే? రెక్క చూడాలి. పుస్ మాత్ రెక్క స్కేలుబద్దలా దాదాపు ఒకే వెడల్పు. లెపర్డ్ మాత్ రెక్క చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది. 1933లో గానీ గాల్లోకి లేవని విమానం 1932లో టపా ఎట్లా మోస్తుంది? నంబరు కనబడితే ఇంకా మేలు. టాటా నడిపిన పుస్ మాత్ వీటీ-ఏడీఎన్.

రంగుల విషయంలోనూ మోసపోతాం. మన జేజమ్మల పెళ్ళి ఫొటోల్లో కుంకుమబొట్టు నల్లగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? అప్పట్లో వాడిన ఒక రకం ఫిల్ముకు ఎరుపు తెలియదు, నల్లగా పడుతుంది. పసుపు కూడా ముదురుగా వస్తుంది, నీలం వెలిసిపోతుంది. విమానం మీది రంగులకూ అదే గతి. నలుపు తెలుపు ఫొటో చూసి "ఇది నల్ల విమానం" అని రాసేసేవాళ్ళను చూస్తే నాకు బీపీ పెరుగుతుంది.

ఇప్పుడు మా వీధిలో సంగతి. ఒకింట్లో గోడకు జేజినాయన ఫొటో ఉంది. వెనక పెద్ద విమానం. "యుద్ధంలో మా జేజినాయన నడిపిన విమానం" అంటారు వాళ్ళు. ముందు ఆయన చొక్కా జేబు చూశాను. ఎడమవైపే ఉంది, అంటే ఫొటో తిరగేసి కడగలేదు. విమానం డకోటా, అంటే మనుషుల్నీ సామానునూ మోసే రెండు ఇంజన్ల రవాణా విమానం. దాని పక్కన వేసిన గుండ్రటి వాయుసేన గుర్తులో, మామూలుగా నడిమిన ఉండే ఎర్రచుక్క లేదు. జపాన్ విమానాల గుర్తు ఎర్ర గుండ్రం కాబట్టి, పొరపాటున మనవాళ్ళే మనవాళ్ళను కాల్చకుండా బర్మా వైపు తిరిగే బ్రిటిష్, ఇండియన్ విమానాల మీద ఆ చుక్క తీసేశారు. కాబట్టి కాలం రెండో ప్రపంచ యుద్ధం నాటిదనీ, దిక్కు బర్మా వైపనీ తెలిసిపోయాయి. ఆయన చేతిలో ఉన్నది మాత్రం స్పానర్. నడిపాడో, బాగుచేశాడో... ఆ ఇంట్లో కాఫీ తాగుతూ ఆ మాట ఎత్తలేదు.

తోక వైపు "కేజీ" అని రెండక్షరాలు కనబడ్డాయి. "బరువు రాశారేమో" అన్నాడు మనవడు. కాదు నాయనా, అది నంబరు మొదలు. వెనక అంకెలు ఉండాలి, లేవు. చిన్న ఫొటోను పెద్దది చేయించినప్పుడు స్టూడియోవాళ్ళు ఫ్రేము సైజు కోసం అంచు కత్తిరించారు. జేజినాయన నడిమికి వచ్చాడు, విమానం అడ్రసు పోయింది. కేజీతో మొదలయ్యే డకోటాలు వందల్లో ఉన్నాయి, ఇది వాటిలో ఏదని చెప్పేది?

నంబరు దొరికినా తొందరపడకూడదు లెండి. 2018లో మన వాయుసేనకు చేరిన డకోటా మీద వీపీ 905 అని ఉంటుంది. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో సైనికులను దింపిన డకోటా నంబరు అది. ఇప్పుడు ఎగిరేది ఆ విమానం కాదు. తుక్కు కింద పోవాల్సిన వేరే డకోటాను బ్రిటన్‌లో బాగుచేయించి, పాతదాని గుర్తుగా ఆ నంబరు వేశారు. ఒక విమానం అసలు పుట్టుక తెలియాలంటే ఫ్యాక్టరీవాళ్ళు వేసిన నంబరు చూడాలి. పైన పెయింటుతో ఎవరైనా ఏమైనా రాయొచ్చు.

మళ్ళీ మా వీధి ఫొటోకి వస్తాను. ఆ స్టూడియో ఎప్పుడో మూతబడింది. ఓనరు కొడుకును పట్టుకుంటే, "కాపీ తీసిన నెగటివులు బిస్కెట్ డబ్బాల్లో అటక మీద ఉండాలప్పా, నేనైతే ఎక్కలేను" అన్నాడు. నెగటివులో అంచు కత్తిరించి ఉండదని నా ఆశ. ఆదివారం పొద్దున నిచ్చెన తీసుకుని పోతున్నాను. నాకు మోకాళ్ళ నొప్పులు. ఎవరైనా కుర్రవాళ్ళు తోడొస్తే టిఫిన్ నాది. దుమ్ము పడనివాళ్ళు మాత్రం వద్దు.