పత్రికలు అమ్మేసి టీవీగా మిగిలిన సంస్థ

మిత్రులందరికీ నమస్కారం.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్ కేంద్రంగా మీడియా జనరల్ అనే సంస్థ ఉండేది. రిచ్‌మండ్ టైమ్స్-డిస్పాచ్ దాని పెద్ద పత్రిక. చిన్న ఊళ్ల పత్రికలైతే డజన్ల కొద్దీ ఉండేవి. 2012లో అది 63 పత్రికలను ఒకే బేరంలో వారెన్ బఫెట్ సంస్థ బెర్క్‌షైర్ హాథవేకి 14.2 కోట్ల డాలర్లకు అమ్మేసింది. టీవీ స్టేషన్లు మాత్రం అట్టిపెట్టుకుంది.

టీవీ వార్తలు మెరుగ్గా ఉన్నాయని ఇలా జరగలేదు. డబ్బు వచ్చే దారి మారింది, అంతే. ఇల్లు అద్దెకిస్తామని, పాత కారు అమ్ముతామని నాలుగు లైన్లు వేయించేవాళ్లంతా ఇంటర్నెట్‌కి వెళ్లిపోయారు. 2008 మాంద్యం మిగతా ప్రకటనలనూ ఊడ్చేసింది. అప్పులకు వడ్డీ మాత్రం కట్టక తప్పదు కదా! స్టేషన్లకేమో రెండేళ్లకోసారి ఎన్నికల ప్రకటనలు వచ్చిపడతాయి. పైగా 1992 కేబుల్ చట్టం పుణ్యమా అని, తమ చానల్‌ని ఇళ్లకు చేరవేసే కేబుల్ కంపెనీల నుంచి డబ్బు అడిగే హక్కు కూడా వాటికి దక్కింది.

ఫ్లోరిడాలోని టాంపా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడ 2000లో ఈ సంస్థ టాంపా ట్రిబ్యూన్ పత్రికను, డబ్ల్యూఎఫ్‌ఎల్‌ఏ టీవీని, వెబ్‌సైట్‌ని ఒకే భవనంలోకి తెచ్చింది. మూడింటికీ కలిపి ఉమ్మడి డెస్కు. పత్రిక విలేకరి కెమెరా ముందు నిలబడి చెప్పేవాడు, టీవీ విలేకరి పత్రికకు రాసేవాడు. దేశదేశాల ఎడిటర్లు వచ్చి చూసి వెళ్లారు. ఆ ప్రయోగం మీద నాకు ఇప్పటికీ గౌరవమే. మున్సిపల్ మీటింగ్‌లో చివరిదాకా కూర్చునే విలేకరి, సాయంత్రానికి బొమ్మ చూపించగల కెమెరామన్ కలిసి పనిచేస్తే ఆ ఊరికి ఎంత మేలు! అయినా 2012లోనే ట్రిబ్యూన్‌ని 95 లక్షల డాలర్లకు వేరేవాళ్లకు అమ్మేశారు. 2016లో పోటీ పత్రిక టాంపా బే టైమ్స్ దాన్ని కొని మూసేసింది. డబ్ల్యూఎఫ్‌ఎల్‌ఏ మాత్రం నడుస్తూనే ఉంది, కానీ మీటింగ్‌లో కూర్చునే ఆ విలేకరుల లోటు టీవీ పూడ్చలేదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక మీడియా జనరల్ 2013లో యంగ్ బ్రాడ్‌కాస్టింగ్‌ని, ఆ మరుసటేడు లిన్ మీడియాని, అంటే మరో రెండు టీవీ స్టేషన్ల కంపెనీలని కలుపుకుని బాగా పెరిగింది. 2017లో దాన్నే నెక్స్‌స్టార్ అనే ఇంకో టీవీ కంపెనీ కొనేసింది. బఫెట్ కూడా పత్రికలను అట్టిపెట్టుకోలేదు. 2020లో బఫెలో న్యూస్‌తో సహా తన పత్రికలన్నిటినీ లీ ఎంటర్‌ప్రైజెస్ అనే పత్రికల కంపెనీకి 14 కోట్ల డాలర్లకు ఇచ్చేశారు.