సిగ్నల్ దగ్గర ఆగిపోయే సెకండ్ హ్యాండ్ కారు: ఆరు నెలల తర్వాత నా రివ్యూ

నమస్తే అండి. ముందు ఈ ముల్లు చూడండి. మన విశాఖలో మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర తీసిన క్లిప్ ఇది. క్లచ్ తొక్కి, బ్రేకు వేసి బండి ఆపుతున్నాను. ఆర్పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, 1500... 900... 600. ఇదిగో వణికింది. 400. అంతే, ఇంజిన్ ఆగిపోయింది. వెనక సిటీ బస్సు హారన్ వినిపిస్తోంది కదా, అది నా కోసమే. మళ్లీ సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అయింది. ఇసుకతోట దాకా ఏ ఇబ్బందీ లేదు. హనుమంతవాక సిగ్నల్‌కి వచ్చేసరికి మళ్లీ ఇదే.

కారు 2013 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు. నేను కొన్నప్పుడు మీటర్ మీద 68,000 కిలోమీటర్లు ఉంది. కంపెనీ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఈ జబ్బు ఏ కంపెనీ పెట్రోలు కారుకైనా రావచ్చు. కాబట్టి మైలేజీ, సీట్లు, డిక్కీ గురించి ఈరోజు మాట్లాడను. ఈ ఒక్క జబ్బుకి ఆరు నెలల్లో ఏమేం చేయించాను, ఏ డబ్బు వృథా అయింది, చివరికి దేనితో నయమైంది, అదే చెప్తాను.

దీన్ని నేను ఇంత సీరియస్‌గా ఎందుకు తీసుకున్నానంటే, ఒక శనివారం సింహాచలం కొండ దిగుతున్నాం. పక్క సీట్లో అమ్మ ఉంది. మలుపు ముందు క్లచ్ తొక్కి గేరు తగ్గించబోయాను, ఇంజిన్ ఆగిపోయింది. స్టీరింగ్ బరువెక్కింది. మొదటిసారి తొక్కినప్పుడు బ్రేకు బాగానే పడింది. రెండోసారికి పెడల్ రాయిలా అయిపోయింది. దేవుడి దయ, ఎదురుగా బండి రాలేదు. ఆ తర్వాత మూడు నెలలు అమ్మ ఆ కారు ఎక్కలేదు.

అక్కడ జరిగిందేమిటో అర్థం చేసుకోండి, మీకు ఎప్పుడైనా పనికొస్తుంది. బ్రేకు పెడల్ తేలిగ్గా ఉండటానికి కారణం బూస్టర్. దానికి శక్తి ఇంజిన్ పీల్చే వాక్యూమ్ నుంచి వస్తుంది. ఇంజిన్ ఆగితే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు సార్లు తొక్కేంతవరకే సరిపోతుంది. అందుకని పెడల్‌ని పదే పదే కొట్టకూడదు. ఒక్కసారి గట్టిగా తొక్కి, అలాగే పట్టుకోవాలి. తాళం ఆఫ్ చేసి బయటికి తీయకూడదు, స్టీరింగ్ లాక్ పడుతుంది. బండి దొర్లుతూ ఉంటే రెండో గేరులో వేసి క్లచ్ మెల్లగా వదలండి. చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. ఆ రోజు నేను చేసింది అదే.

సరే, మెకానిక్ షెడ్లకి వద్దాం. మొదటి షెడ్డులో బోనెట్ ఎత్తి, చెవి పెట్టి విని, "మిస్సింగ్ ఉంది, ప్లగ్గులు మార్చేద్దాం" అన్నారు. నాలుగు ప్లగ్గులు, 900 రూపాయలు. పాతవి నేను ఇంటికి తెచ్చుకున్నాను, ఇవిగో. లేత గోధుమ రంగులో, పొడిగా, శుభ్రంగా ఉన్నాయి చూడండి. ఇవి చెడిపోయిన ప్లగ్గులు కావు. మర్నాడు ఉదయం జగదాంబ జంక్షన్‌లో బండి యథాప్రకారం ఆగింది.

రెండో షెడ్డు వాళ్లు పెట్రోలు పంపు పోయిందన్నారు, 7,000 చెప్పారు. నాకు నమ్మకం కుదరలేదు. పంపు బలహీనపడితే ఎక్కువ పెట్రోలు కావాల్సిన చోట కదా ముందు తెలియాలి? ఎండాడ దాటాక హైవే మీద వందలో కూడా పికప్ ఎక్కడా తగ్గడం లేదు. వద్దన్నాను. అయితే బ్యాటరీ మాత్రం పాతదే, ఐదేళ్లు దాటింది, కాబట్టి కొత్తది వేయించాను.

ఆ రోజు జబ్బు రెట్టింపయింది! అంతకుముందు రోజుకి రెండు మూడు సార్లు ఆగే బండి, కొత్త బ్యాటరీ వేసిన సాయంత్రం సిరిపురం నుంచి ఎంవీపీ కాలనీ వచ్చేలోపు ఆరు సార్లు ఆగింది. వారం గడిచేసరికి దానంతట అదే పాత స్థితికి వచ్చింది. నాకు చాలా చిరాకు వేసింది. కానీ అసలు గుట్టు అక్కడే దొరికింది.

దీని గురించి కొంచెం నిదానంగా చెప్తాను. ఆక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజిన్ తన బతుకు తాను బతకాలి. దాన్నే ఐడిల్ అంటాం. ఇంజిన్ వేడెక్కాక మామూలుగా 700 నుంచి 850 ఆర్పీఎం దగ్గర ఉంటుంది. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ గాలి వచ్చే దారిలో తలుపు లాంటి గుండ్రటి రేకు ఒకటి ఉంటుంది, అదే థ్రాటిల్. ఐడిల్‌లో ఆ రేకు దాదాపు మూసే ఉంటుంది, అంచు చుట్టూ సన్నని సందు మాత్రమే మిగులుతుంది. ఇంజిన్ లోపలి నూనె ఆవిరిని మళ్లీ గాలి దారిలోకే పంపుతారు కాబట్టి, ఏళ్ల తరబడి ఆ అంచు మీద జిగట మసి పేరుకుంటుంది. హైవే మీద రేకు బాగా తెరుచుకుంటుంది, ఆ మసి లెక్కలోకే రాదు. సిగ్నల్ దగ్గర ఉన్నదే వెంట్రుకంత సందు, అందులో సగం మసి. ఇంజిన్‌కి ఊపిరాడదు.

మరి అన్ని రోజులు ఎలా నడిచింది? కారు కంప్యూటర్, అంటే ఈసీయూ, ఆ లోటుని గమనించి రేకుని కొంచెం కొంచెంగా ఎక్కువ తెరవడం నేర్చుకుంటుంది. నా కారులో, ఇంకా చాలా కార్లలో, బ్యాటరీ తీస్తే ఆ నేర్చుకున్నదంతా పోతుంది. మసి లేని కొత్త కారు లెక్కతో మళ్లీ మొదలుపెడుతుంది. అందుకే కొత్త బ్యాటరీ వేసిన రోజు అన్నిసార్లు ఆగింది, వారం తర్వాత మళ్లీ సర్దుకుంది. బ్యాటరీ తీశాక ఐడిల్ బాగా పాడైందంటే, ముందు థ్రాటిల్ వైపు చూడండి.

ఇది ఊహేనా, నిజమేనా తేల్చుకోవడానికి ఈ వస్తువు కొన్నాను. బ్లూటూత్ ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్‌లోని లెక్కలు ఫోన్‌లో చూపించే పరికరం, 1,100 రూపాయలు పడింది. స్టీరింగ్ కింద 16 పిన్నుల పోర్టు ఉంటుంది, అందులో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరవాలి. దీని గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నంబర్లు మెల్లగా మారతాయి, అర సెకను తేడాలు పట్టుకోవడం కష్టం. ఇంజిన్ వరకే చదువుతుంది, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ జోలికి వెళ్లదు. ఐఫోన్ వాడేవాళ్లు మామూలు బ్లూటూత్‌ది కొనకండి, చాలావరకు కలవదు, వైఫైది గానీ ఐఫోన్‌కి పనిచేస్తుందని స్పష్టంగా రాసి ఉన్నది గానీ తీసుకోండి. ఇన్ని లోపాలున్నా, ఈ కారు మీద నేను పెట్టిన ఖర్చులో అన్నిటికంటే సార్థకమైన 1,100 ఇదే.

ఏం చూపించిందో చూడండి. తప్పు కోడ్ ఒక్కటీ లేదు, ఇంజిన్ లైటు కూడా ఎప్పుడూ వెలగలేదు. "లైటు రాలేదు కాబట్టి బండికి ఏమీ లేదండి" అని నాకు చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ మాట నమ్మకండి. లైవ్ డేటాలోకి వెళ్లాలి. ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలుని ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుకుంటోందో చెప్పే అంకె, ఐడిల్‌లోనూ, 2500 ఆర్పీఎంలోనూ ప్లస్ 3, 4 దగ్గరే ఉంది. అంటే పెట్రోలు సరిపడా అందుతోంది, 7,000 పెట్టి పంపు మార్చాల్సిన అవసరం కనిపించడం లేదు. ఇక థ్రాటిల్ పొజిషన్, ఐడిల్‌లో 19 శాతం. ఈ అంకె కారుని బట్టి మారుతుంది. మా వీధిలో ఇదే మోడల్ కారున్న అన్నయ్యని అడిగి ఆయన బండిలో చూశాను, 14. నా అనుమానం అక్కడ గట్టిపడింది.

ఒక ఆదివారం ఇంట్లోనే విప్పాను. ఎయిర్ ఫిల్టర్ పైపు తీస్తే కనిపించింది ఇది. ఈ నల్లటి వలయం చూశారా? గోరుతో గీస్తే గీత పడుతోంది. ఈ పని మీరు చేసేటట్టయితే దయచేసి రెండు మాటలు గుర్తుంచుకోండి. తాళం ఆన్‌లో ఉన్నప్పుడు అందులో వేలు పెట్టకండి, రేకుని తిప్పేది మోటారు, వేలు నలిగిపోతుంది. తాళం ఆఫ్‌లో కూడా రేకుని చేత్తో బలంగా తోయకండి, లోపలి చిన్న పళ్లచక్రాలు పాడవుతాయి. థ్రాటిల్ బాడీ క్లీనర్‌ని మెత్తటి గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో తుడవండి. డబ్బా అంతా లోపలికి కొట్టేయకండి. నాకు నలభై నిమిషాలు పట్టింది, క్లీనర్‌కి 350 అయింది.

స్టార్ట్ చేస్తే ఆర్పీఎం 1200 దగ్గర నిలబడింది. కంగారు పడకండి, ఇది మంచి గుర్తే. ఈసీయూ ఇంకా పాత మసి లెక్కతోనే రేకుని తెరుస్తోంది. ఇంజిన్ వేడెక్కి ఫ్యాన్ తిరిగేదాకా ఏసీ, లైట్లు లేకుండా ఐడిల్‌లో ఉంచాను, తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. రెండు రోజుల్లో 750కి దిగింది. థ్రాటిల్ పొజిషన్ 14. కొన్ని కార్లకి ఈ రీసెట్ కంపెనీ స్కానర్‌తోనే చేయాలి, అది ముందే కనుక్కోండి. ఐడిల్ పెంచడానికి స్క్రూ తిప్పుతామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ మీద ఉన్న ఆ స్క్రూ ఫ్యాక్టరీలో పెట్టింది, దాన్ని కదిపితే జబ్బు దాక్కుంటుందే తప్ప పోదు.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. పగలంతా బాగుండేది. రాత్రి వానలో హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ ఆన్‌లో ఉంటే ఎన్ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో మళ్లీ వణుకు, అప్పుడప్పుడు ఆగడం.

కరెంటు వాడకం పెరిగినప్పుడే వస్తోందంటే వైరింగ్ వైపు చూడాలనిపించింది. మనది సముద్రం ఊరు. బీచ్ రోడ్డుకి నాలుగు వీధుల అవతల బయట నిలబెట్టిన బండికి కూడా ఉప్పు గాలి తగులుతుంది. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ ఇది, కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి. పైకి బాగానే ఉంది. బోల్టు విప్పితే కింద పచ్చటి చిలుము, తుప్పు. మల్టీమీటర్ ఒక కొన ఇంజిన్ మీద, ఇంకో కొన బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా లైట్లు, ఏసీ వేసి చూశాను. 0.6 వోల్టులు చూపించింది. ఎర్త్ బాగుంటే ఇది 0.2 లోపే ఉండాలి. ఇంజిన్ మీద ఎర్త్ సరిగ్గా లేకపోతే సెన్సార్లు చెప్పే లెక్కలు తప్పుతాయి, థ్రాటిల్ మోటారు తడబడుతుంది. 250 పెట్టి కొత్త పట్టీ వేసి, ఇనుము మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, పైన గ్రీజు రాశాను. ఇప్పుడు 0.05. ఆ వణుకు మళ్లీ రాలేదు.

మీ బండిది ఇదే జబ్బు కాకపోవచ్చు. అందుకే ఆగేటప్పుడు ముల్లుని చూడమంటాను. మెల్లగా దిగి, వణికి ఆగితే గాలి, పెట్రోలు వైపు వెతకండి. నడుస్తున్న బండి ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోయి, ఇంజిన్ చల్లారేదాకా స్టార్ట్ కాకపోతే, ఇంజిన్ తిరుగుడుని ఈసీయూకి చెప్పే క్రాంక్ సెన్సార్‌ని అనుమానించండి. పెట్రోలు కొట్టించిన వెంటనే మాత్రమే ఇబ్బంది పెడితే ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వ్ చూపించండి. నిలబడి ఉండగా బ్రేకు తొక్కితే ఐడిల్ మారుతూ, ఎక్కడో "స్స్" మని వినిపిస్తుంటే బూస్టర్ పైపు గానీ బూస్టరే గానీ గాలి లాగుతోంది, దాన్ని ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి, అది బ్రేకులకి సంబంధించింది.

నేను కొనేటప్పుడు ఈ పరీక్ష చేయలేదు, మీరు చేయండి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి ఉంచిన బండి కాకుండా, చల్లటి ఇంజిన్ మీదే మొదలుపెట్టండి. అరగంట తిప్పాక న్యూట్రల్‌లో ఏసీ, హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్, అన్నీ వేసి పది నిమిషాలు నిలబెట్టండి. 2000 దాకా రేసు ఇచ్చి ఒక్కసారిగా వదలండి, ఐదారు సార్లు. ముల్లు 600 కిందికి జారితే ధర మాట్లాడే ముందు ఆ సంగతి మాట్లాడండి. బ్యాటరీ ఎప్పుడు తీశారో కూడా అడగండి. కార్పెట్ ఎత్తి కనెక్టర్ల దగ్గర బురద మరకలు చూడండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇక్కడే ఉన్న బండ్లు ఇంకా చేతులు మారుతున్నాయి.

లెక్క చెప్పేస్తాను. ప్లగ్గుల 900 వృథా. బ్యాటరీ ఎలాగూ మార్చాల్సిందే. స్కానర్, క్లీనర్, ఎర్త్ పట్టీ మూడూ కలిపి 1,700. అన్నట్టు, స్కానర్‌ని పోర్టులోనే వదిలేయకండి, బండి వాడని రోజుల్లో బ్యాటరీని తాగేస్తుంది.

ఇప్పుడు చూపిస్తున్న క్లిప్ మొన్న శనివారంది. అడవివరం దగ్గర కొండ ఎక్కే ముందు ఆగి ఉన్నాం, ఏసీ ఆన్‌లో ఉంది, ముల్లు 800 దగ్గర కదలకుండా ఉంది. పక్కన వినిపిస్తున్న గొంతు అమ్మది, కొబ్బరికాయలు ఎందుకు మర్చిపోయావని నన్ను అడుగుతోంది.