కౌమారంలో సుఖవ్యాధుల ముప్పు: ఆదోని సభలో చేసిన ప్రసంగం

ఉపాధ్యాయులకు, ఆశా కార్యకర్తలకు, పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

మన ఆసుపత్రుల్లో ఇప్పటికీ 'చర్మ, సుఖవ్యాధుల విభాగం' అనే బోర్డు కనిపిస్తుంది. ఆ మాట నాకు ఏనాడూ మింగుడుపడలేదు. పదహారేళ్లకే పెళ్లయి, భర్త వల్ల జబ్బు పాలైన పిల్ల అనుభవించిన సుఖమేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో సుమారు 29 శాతం మందికి పద్దెనిమిదేళ్లు నిండకముందే పెళ్లయింది. అందుచేత ఈ ముప్పును పెళ్లికాని పిల్లల నడవడికకు మాత్రమే అంటగట్టడం అన్యాయం.

ఈడొచ్చిన తొలి సంవత్సరాలలో గర్భాశయ ముఖద్వారం మీద సున్నితమైన కణాల పొర బయటికి కనిపిస్తూ ఉంటుంది గనుక, క్లమీడియా, గనేరియా క్రిములు పెద్దవాళ్లకంటే ఆ వయసు పిల్లలకే తేలికగా అంటుకుంటాయి. క్లమీడియా సోకిన ఆడవాళ్లలో చాలామందికి నొప్పి గానీ, తెల్లబట్ట గానీ ఉండదు. ఎన్నో ఏళ్ల తర్వాత సంతానం కలగలేదని పరీక్షలు చేయించుకున్నప్పుడు, గర్భనాళాలు మూసుకుపోయిన సంగతి తెలుస్తుంది.

మగపిల్లల సంగతి చెబుతాను. పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు నా గదిలోకి వచ్చి, తలుపు మూసిందీ లేనిదీ రెండుసార్లు చూసుకుని, జేబులోంచి నలిగిపోయిన ఆయింట్‌మెంట్ ట్యూబు తీసి బల్లమీద పెట్టాడు. మూడు నెలల కిందట మర్మాంగం మీద నొప్పి లేని పుండు లేస్తే మెడికల్ షాపులో ఇచ్చారట, పూసుకుంటే మానిపోయిందట. ఇప్పుడు అరచేతుల్లో ఎర్రటి మచ్చలు. సిఫిలిస్ పుండు మందు వేసినా వేయకపోయినా కొన్ని వారాల్లో దానంతట అదే మానుతుంది, జబ్బు మాత్రం రక్తంలో మిగిలిపోతుంది. ఆ దశలో ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో నయమయ్యేదానికి అతను మూడు నెలలు దాక్కున్నాడు. ఊరి షాపులో కండోమ్ అడగడానికి ఎంత జంకాడో, డాక్టరు దగ్గరికి రావడానికీ అంతే జంకాడు. ఆ జంకునే నేను అన్నిటికంటే పెద్ద ప్రమాద కారణంగా లెక్కిస్తాను.

కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి మిరపకోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలిపనుల వలసకు, పోయే కుటుంబాల పిల్లలకు బడి ఆగిపోతుంది, తలుపుల్లేని గుడారాల్లో నిద్ర, చుట్టూ తెలియని మనుషులు, సాయంత్రమైతే తాగుడు. అక్కడ ఆడపిల్ల మీద జరిగేది చాలాసార్లు బలవంతమే. పద్దెనిమిదేళ్లలోపు బిడ్డ విషయంలో అది 2012 నాటి పోక్సో చట్టం కింద నేరం. వైద్యం కోసం వచ్చిన ఆ బిడ్డను నిలదీసేవాళ్లను చూసి నేను బాధపడ్డాను.

ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్కుల్లో ఈ చికిత్స ఉచితం. సందేహాలుంటే 1097 నంబరుకు ఫోన్ చేయవచ్చు. గర్భాశయ ముఖ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌కు టీకా ఉంది, అది 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం మేలు.

ఆ కుర్రాడికి ఇంజెక్షన్ ఇచ్చాం, హెచ్‌ఐవీ పరీక్షా చేశాం. అతనితో కలిసినవారికి కూడా వైద్యం అందకపోతే జబ్బు మళ్లీ అతనికే తిరిగివస్తుందని చెప్పి, ఆ అమ్మాయిని తీసుకురమ్మన్నాను. తల వంచుకుని సరేనన్నాడు. ఆమె ఇంతవరకూ రాలేదు.